తాళానికి బొట్టు

మా అమ్మ తాళానికి బొట్టు పెట్టింది. ముందు పసుపు రాసి, మధ్యలో కుంకుమ దిద్ది, తాళంచెవి కొంగున ముడేసుకుని, "ఇగ శ్రావణంలనే" అంది. అది సర్కారు మాకిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇంటి తలుపు. ఆ ఇంటి కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో లెక్కపెట్టడం మానేసి కూడా చాలా కాలమైంది. అలాంటి ఇంట్లో పాలు పొంగించి, పరమాన్నం తిని, ఒక్క రాత్రి నిద్ర చేసి, తెల్లారగానే తాళం వేసి పాత ఇంటికి బయల్దేరిన బుద్ధిమంతులం మేము.

కారణం ఆషాఢం. జ్యేష్ఠం చివరి రోజుల్లో మా చేతికి తాళాలిచ్చారు. అమ్మ ఆ సాయంత్రమే పంతులు దగ్గరికి పరుగెత్తింది. అమావాస్య రాకముందు ఒకే ఒక్క మంచిరోజు మిగిలి ఉందని, ఆ రోజు పాలు పొంగించుకోమని ఆయన చెప్పాడు. సామాను మాత్రం ఆషాఢం వెళ్ళేదాకా కదపకూడదు. అందుకని పాలగిన్నె, పొయ్యికి మూడు ఇటుకలు, పిడకలు, దేవుడి పటం, చాప, చీపురు, ముగ్గుపిండి డబ్బా మాత్రం తీసుకువెళ్ళి మా ముగ్గురం గృహప్రవేశం అయిందనిపించాం. చాప, దేవుడి పటం లోపల ఉంచి, చీపురూ ముగ్గుపిండి డబ్బా బయట గుమ్మం పక్కనే పెట్టి, తలుపుకు మామిడాకులు కట్టి అమ్మ తాళం వేసింది.

మా పాత ఇల్లంటే హుస్సేనీ ఆలంలో ఒక గది. పెద్ద ఆవరణలో వరసగా గదులు, అందరికీ కలిపి ఒకటే నల్లా. నేను పుట్టింది, చదువుకుంది, టీచరయింది అన్నీ ఆ గదిలోనే. పక్కవీధిలోని ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. బాపు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. అక్కడ ఏం తయారుచేస్తారని చిన్నప్పుడు అడిగితే, "అవన్నీ చెప్పొద్దు బిడ్డా, దేశ రహస్యం" అనేవాడు. ఆయనకు తెలిసిన రహస్యమల్లా ఏ రోజు పులిహోర, ఏ రోజు పప్పు అన్నదే. అమ్మ ఇంట్లో కూచుని లాడ్ బజార్ దుకాణాలకు గాజుల పని చేసేది. గాజు మీద జిగురు పూసి సన్నటి రాళ్ళు వరసగా అతికించడం. మా అన్నంలో అప్పుడప్పుడు ఒక రాయి మెరిసేది. పంటి కింద పడినప్పుడు బాపు దాన్ని తీసి కంచం అంచున పెట్టి, "వజ్రాలు తినే ఇల్లు మనది" అనేవాడు.

డ్రాలో మా పేరు వచ్చిందని తెలిసిన రోజు బాపు నమ్మలేదు. ఎవరి సిఫారసూ లేకుండా, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా ఇల్లెట్లా వస్తుందని అందర్నీ అడిగాడు. చివరికి ఆయనే సమాధానం వెతుక్కున్నాడు. "కంప్యూటర్‌కు మనమెవరో తెల్వదు గద. తెల్వకనే ఇచ్చింది" అన్నాడు. ఆ మాటకు అమ్మ నవ్వింది గానీ నేను నవ్వలేకపోయాను.

ఇల్లు ఊరి బయట, ఔటర్ రింగు రోడ్డు దాటాక. చార్మినార్ దగ్గర బస్సెక్కితే ఒక నిద్ర తీసి లేచినా ఇంకా రాదు. దిగాక చూస్తే ఒకేలాంటి బ్లాకులు, ఒకే రంగు, ఒకే కిటికీలు. మా ఇల్లు ఆరో అంతస్తులో. ఆ అంతస్తులో మాతోపాటు వచ్చింది ఒక్కావిడే. మిగతా తలుపులు మూసే ఉన్నాయి. కొందరికి ఇంకా తాళాలు అందలేదు, అందినవాళ్ళలో చాలామంది మాలాగే మంచిరోజు కోసం చూస్తున్నారు. ఆ ఒక్కావిడ ఇల్లు సరిగ్గా మా ఎదురు తలుపు. మధ్యలో వరండా, రెండు చాపలు పరిస్తే నిండిపోయేంత.

ఆవిడ మాకంటే ముందే సామాను దింపేసుకుంది. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం మెట్ల మీద పీట వేసుకుని మెహెందీ పెట్టే మనిషి. మా అమ్మ కంటే పదేళ్ళు పెద్దదేమో. ఎండిన మెహెందీ రంగు ఆవిడ వేళ్ళ కొసల్లో ఎప్పటికీ పోనట్టు ఉండిపోయింది. భర్త లేడు, ఉన్న ఒక్క కూతురూ పెళ్ళయి బీదర్‌లో ఉంటుంది. అద్దె గది ఖాళీ చేయమన్నారని, అందుకే తాళం చేతికి రాగానే వచ్చేశానని మొదటిరోజే చెప్పింది. నేను ఖాలా అని, అంటే పెద్దమ్మా అని పిలిచాను. అమ్మ ఏమీ పిలవలేదు. ఎందుకంటే అప్పటికే అమ్మకు ఆవిడతో పోట్లాట మొదలైంది.

పోట్లాట చెప్పుల స్టాండు గురించి. ఖాలా దాన్ని తెచ్చి వరండాలో రెండు తలుపులకూ మధ్యన పెట్టింది. పాలు పొంగించే రోజు పొద్దున్నే గుమ్మం ముందు కడిగి ముగ్గు వేద్దామని అమ్మ తలుపు తీసేసరికి అడ్డంగా చెప్పుల స్టాండు.

"ఇదేందమ్మా? ఇక్కడ ముగ్గు పడాలె. చెప్పులు మా గడప ముందట పెడితివేంది?" అంది అమ్మ.

"మీ గడప అక్కడ ఉంది. ఇది వరండా. వరండా సర్కార్ ది, అందరిది" అంది ఖాలా.

"అందరిదని నీ చెప్పులు పెట్టుకుంటవా?"

"అందరిదని నువ్వు ముగ్గు ఏసుకుంటవా? ముగ్గు తొక్కితే నువ్వే లొల్లి చేస్తవ్, తొక్కకుండ నేనెట్ల పోవాలె? ఉడ్‌కే జావూఁ క్యా, ఎగిరి పోవాల్నా?"

నేనూ బాపూ పాలగిన్నె పట్టుకుని లోపలే నిలబడ్డాం. ఇద్దరిలో ఎవరిది న్యాయమో తేల్చే ధైర్యం మాలో లేదు. చివరికి ఖాలా విసురుగా స్టాండును ఈడ్చి తన గోడకు ఆనించింది. ఆ ఈడ్పుకు నేల మీద ఒక గీత పడింది. అమ్మ ఆ గీతకు ఇవతల మెలికల ముగ్గు వేసింది, చుక్కలు పెట్టి, కావాలని పెద్దది. అక్కడితో ఆగలేదు. మర్నాడు తాళానికి బొట్టు పెట్టి మెట్లు దిగుతుండగా, "ఇంత దూరం వచ్చి గింత గయ్యాళి పొరుగు దొరికె" అని పైకే అంది. ఖాలా తలుపు తెరిచే ఉంది. వినే ఉంటుంది.

తిరిగి వచ్చాక ఆషాఢం మామూలుగానే గడిచింది. గాజులొచ్చాయి, అమ్మ రాళ్ళు అతికించింది. బోనం కుండ కొనాలని, వేపాకు ఎవరింటి నుంచి తేవాలని మాట్లాడుకున్నాం. అమ్మ పెళ్ళయి వచ్చిన ఏటి నుంచీ ఆ గదిలోనే బోనం వండి, నెత్తిన పెట్టుకుని మా గల్లీ చివరి అమ్మవారి గుడికి వెళ్ళేది. "ఈ ఇంట్ల ఇది ఆఖరి బోనం" అని వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పేది. చెప్పేటప్పుడు సంతోషపడేదో దిగులుపడేదో ఆమెకే తెలియాలి.

ఆ ఏడు ఆషాఢం, మొహర్రం ఇంచుమించు కలిసే వచ్చాయి. మా వీధంతా నల్లబట్టలు, దారి పొడవునా షర్బత్ పందిళ్ళు. అలాంటి ఒక సాయంత్రం మా కొత్త బ్లాకు వాళ్ళు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఒక తలుపు, దానికి తాళం, తాళం పైన అంటించిన కాగితం. ఆఫీసు నుంచి సార్లు వచ్చి ఇంటింటికీ తిరుగుతున్నారట. ఇళ్ళు ఇచ్చింది ఉండటానికి, తాళం వేసుకోవడానికి కాదు, ఎవరూ ఉండటం లేదని తేలితే నోటీసు అంటిస్తారు, ఆ తర్వాత రద్దు చేసి వేరేవాళ్ళకు ఇస్తారు అని కింద రాశారు. పక్క బ్లాకు అయిపోయింది, ఇవాళో రేపో మా బ్లాకు.

నేను ఫొటో అమ్మకు చూపించాను. అమ్మ ఫోను దగ్గరికి, దూరానికి పెట్టుకుని చూసింది.

"ఆ తాళానికి బొట్టు లేదు" అంది.

"బొట్టుంటే అంటించరా అమ్మా?"

"బొట్టుందంటే పాలు పొంగించిన్రు, వస్తరని అర్థం. వాళ్ళు మాత్రం మనుషులు కారా? వాళ్ళ ఇండ్లల్ల ఆషాఢం ఉండదా?"

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మామిడాకులు ఎండి, తాళానికి కుంకుమ ఆరి, ఇంత దుమ్ము పట్టిన తలుపును చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది ఒకటే, శ్రావణం దాకా ఇక్కడికి ఎవరూ రారని. మేమే మా చేత్తో తలుపు మీద రాసి వచ్చినట్టు. రేపే వెళ్ళిపోదాం, మంచం, స్టవ్ తీసుకుపోయి కూచుందాం అన్నాను. అమ్మ ససేమిరా అంది.

"ఆషాఢంల సామాను కదిలిస్తే ఆ ఇల్లు అచ్చిరాదు బిడ్డా."

"కదిలించకపోతే అచ్చిరావడానికి అసలు ఇల్లే ఉండదమ్మా!"

"అమ్మవారికి బోనం పెట్టకుండ ఇల్లిడిచిపెట్టి ఎట్ల పోత?"

బాపు మధ్యలో కూచుని ఇద్దరి మొహాలూ చూశాడు. ఏదో ఒకటి చెప్పు బాపూ అని నేను గట్టిగా అడిగితే, "ఇన్నేండ్లు లేని ఇల్లు, వచ్చినట్టే వచ్చింది. పోతే ఏం జేస్తం" అన్నాడు. అంతసేపు నాతో గట్టిగా వాదించిన అమ్మ, ఆ మాటకు లేచి నల్లా దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెకు భయం లేదని నేననుకోవడం పొరపాటు. చాలాసేపటికి తిరిగొచ్చింది. బిందె ఖాళీగానే ఉంది.

ఆదివారం వెళ్ళి చూసొద్దామని మాత్రం ఒప్పుకుంది. సామాను లేకుండా, చూసి రావడానికే. స్కూలుకు సెలవు పెట్టి నేనొక్కదాన్నే పోయి కూచుంటానన్నా వీల్లేకపోయింది, పరీక్షల రోజులు. శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా గ్రూపులో ఇంకో వార్త వచ్చింది. మా బ్లాకు చూసి వెళ్ళారట. పైన ఎన్నో తలుపులకు కాగితాలు అంటించారట. ఏ ఏ అంతస్తులని అడిగితే ఎవరూ జవాబివ్వలేదు. అక్కడ ఉంటే కదా చెప్పడానికి.

శనివారం ఒంటిపూట బడి. ముగ్గురం మధ్యాహ్నం బస్సెక్కాం. అమ్మ కొంగుముడిలో తాళంచెవిని పట్టుకునే కూచుంది. బాపు కిటికీలోంచి దారిపక్క బోర్డులన్నీ పెదవులు కదుపుతూ చదివాడు. ఆయనకు తెలుగు కూడబలుక్కుంటే గానీ రాదు. నోటీసులో ఏం రాసుంటుందో, దానికి ఏం జవాబు రాయాలో నేను మనసులో ఒక అర్జీ తయారుచేసుకుంటూ ఉన్నాను. అందులో ఆషాఢం అన్న మాట ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

లిఫ్ట్ పని చేయలేదు. మెట్లెక్కుతూ ఒక్కో అంతస్తు దగ్గర ఆగి చూశాం. మూడో అంతస్తులో కాగితాలు, నాలుగులో కాగితాలు. ఐదో అంతస్తు దగ్గర అమ్మ ఆగిపోయి, "మీరు పొయ్యి చూడున్రి" అంది. నేను పైకి వెళ్ళాను.

మా తలుపుకు కాగితం లేదు.

తాళం ఉంది. బొట్టు కూడా ఉంది. ఎండిపోయిన మామిడాకులు మాత్రం లేవు, ఎవరో తీసేశారు. రెండు తలుపుల మధ్య తీగ మీద ఆరేసిన బట్టలున్నాయి. మా తలుపు పక్కన ఒక జత పాత చెప్పులు విడిచి ఉన్నాయి. గుమ్మం ముందు ముగ్గుంది. అలాంటి ముగ్గు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చుక్కలు లేవు. గడప కుడి మూలలో మొదలైన ఒక తీగ, ఆకులేసుకుంటూ, మెలికలు తిరుగుతూ, మామిడి పిందెల్లా ఉబ్బి, లోపల సన్నటి జాలీ గీతలు నింపుకుని, ఎడమ మూల దాకా పాకింది. గీత ఎక్కడా తెగలేదు, దారం పరిచినట్టు ఉంది. ముగ్గుపిండి వేళ్ళ సందుల్లోంచి రాలితే అలా రాదు.

నేను పిలిస్తే అమ్మ, బాపు పైకొచ్చారు. అమ్మ ముందు తలుపు చూసింది, తడిమింది. తర్వాత కిందికి చూసింది. మోకాళ్ళ మీద వంగి ఒక ఆకు కొసను వేలితో తాకింది. ఎండి, గట్టిగా ఉంది.

ఎదురు తలుపు తెరుచుకుంది. నల్ల సల్వార్ కమీజ్‌లో ఖాలా. చేతులకు గాజుల్లేవు.

"వచ్చిన్రా? ఇప్పుడు యాదికొచ్చిందా ఇల్లు?" అంది.

ఎవరు వేశారని నేనడిగాను. ఆవిడ జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళి ఒక పాలప్యాకెట్ కవరు తెచ్చి చూపించింది. కోన్‌లా చుట్టి, కొసన సూదిమొన అంత కత్తిరించి ఉంది. లోపల తెల్లగా తడిపిండి. మేము గుమ్మం పక్కన వదిలిన డబ్బాలోని ముగ్గుపిండిని నీళ్ళలో కలిపి, కోన్‌లో పోసి, మెహెందీ పెట్టినట్టే పెట్టింది. రాలిస్తే తనకు రాలేదట, అంతా కుప్పలు కుప్పలుగా పడిందట. పక్క బ్లాకులో కాగితాలు అంటించారని తెలిసిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే గుమ్మం కడిగి వేస్తోంది. మా తలుపు దగ్గరి చెప్పులూ, తీగ మీది బట్టలూ ఆవిడవే.

"పీరీల దినాలు గద ఖాలా, మెహెందీ ముట్టరు గద మీరు?" అన్నాను. మా వీధిలో పెరిగినదాన్ని, అంత తెలుసు. మొహర్రం నుంచి రెండు నెలలూ శోకం పాటిస్తూ వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు గాజులు తొడుక్కోరు, మెహెందీ పెట్టుకోరు. ఖాలా ఎవరి చేతికీ పెట్టదు కూడా.

"చేతులకు పెట్టొద్దు. నేలకు పెట్టొద్దని ఎవరన్నరు?" అంది. తర్వాత కాస్త మెల్లగా, "చేతులు ఊకుంటలేవు" అంది.

సార్లు వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆవిడే చెప్పింది. మా తలుపు ముందు ఆగి, ముగ్గు చూసి, చెప్పులు చూసి, బట్టలు చూసి, ఇక్కడ ఎవరుంటారని అడిగారట. అయ్య క్యాంటీన్‌ల పని, బిడ్డ స్కూల్ టీచర్, తల్లి గాజుల పని అని చెప్పిందట. ఇప్పుడెక్కడున్నారంటే, పొద్దున పోయినరు అందట.

"అబద్ధం చెప్పినవా ఖాలా, మా కోసం?" అన్నాడు బాపు.

"తోబా! ఈ దినాలల్ల అబద్ధం ఆడుతనా? పొద్దున పోయినరు గద మీరు. పాలు పొంగించిన తెల్లారి. నేను నా కండ్లతోని చూసిన. మళ్ళ ఎప్పుడొస్తరో వాళ్ళడగలె, నేను చెప్పలె."

బాపు పెద్దగా నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. అమ్మ మాత్రం నవ్వలేదు. ముగ్గు దగ్గరే కూచుని ఉంది.

"తీగను గిట్ల ఇడిసిపెడితివేంది? మూల ఖాళీగ ఉంది. ముగ్గంటే మూయాలె" అంది.

"మెహెందీ గట్లనే. వేలు దాకా పోవాలె, మూయొద్దు" అంది ఖాలా.

"ఇది వేలు కాదు, గడప."

మళ్ళీ మొదలైందనుకున్నాను. అమ్మ డబ్బా తీసుకుంది. అడుగున మిగిలిన పిండిని వేళ్ళతో తీసి, ఖాలా వేసిన తీగ చుట్టూ నాలుగు వైపులా గీతలు లాగింది, మూలల్లో కలిపింది. ఖాలా నడుం మీద చెయ్యేసుకుని చూసింది. అప్పుడు అమ్మ తలెత్తి అడిగింది.

"నిన్ను గయ్యాళి అన్న. విన్నవ్ గద?"

"విన్న."

"మరి గిదంత ఎందుకు చేసినవ్?"

ఖాలా వరండా చివర మూసి ఉన్న తలుపుల వైపు చూసింది. అవతలి రెక్కలో రెండింటికి తెల్ల కాగితాలు కనిపిస్తున్నాయి.

"ఈ మంజిల్ మీద నేనొక్కదాన్నే. పొద్దుగూకితే నా ఇంట్లదే ఒక్క లైటు. చప్పుడంటే లిఫ్టుదే, అది గూడ బందయింది. నీ తలుపుకు గూడ కాగజ్ అంటిస్తే నేనెవరితోని కొట్లాడాలె, చెప్పు?"

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, ఏమీ దాచుకోలేదు. ఆ ఇల్లు నిలబడినందుకు కాదు. అక్కడ మా కోసం చూసే మనిషి ఉందని అప్పుడే తెలిసినందుకు.

ఆ రోజు తిరిగి బస్సెక్కింది నేనూ బాపూ మాత్రమే. అమ్మ రానంది. ఆషాఢం సంగతేంటని అడిగితే, "సామాను కదలొద్దన్నరు. మనిషి ఉండొద్దనలె" అంది. ఖాలా తర్కం ఒక్క పూటలోనే అంటుకుంది. ఖాలా ఇంట్లోంచి ఒక చిన్న స్టవ్, ఒక గిన్నె, ఒక దుప్పటి వచ్చాయి. మర్నాడు నేను అమ్మ గాజుల మూట తీసుకువెళ్ళి ఇచ్చాను. అది సామాను కాదా అని మాత్రం అడగలేదు.

బోనం దగ్గర చిక్కొచ్చింది. పొయ్యి వెలిగిన ఇంటి నుంచే బోనం లేవాలి. అమ్మ వెలిగించే పొయ్యి ఇప్పుడు ఆరో అంతస్తులో ఉంది. అమ్మ రెండు రోజులు ఆలోచించి, బోనం అక్కడే వండింది. కుండకు సున్నం, పసుపు పూసి, వేపరొట్టలు కట్టి, ఒడిలో పెట్టుకుని బస్సులో హుస్సేనీ ఆలం వచ్చింది. కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించాడట. మా పాత ఆవరణలో అందరూ ఆమె కాళ్ళు కడిగారు. అక్కణ్ణుంచి నెత్తిన పెట్టుకుని గుడికి నడిచింది. ఆఖరి బోనం అని ఆ రోజు ఎవరితోనూ అనలేదు.

శ్రావణంలో సామానంతా వచ్చేసింది. ఎదురెదురు తలుపులు రెండూ పగలంతా తెరిచే ఉండేవి. అమ్మా ఖాలా రోజుకొకసారైనా దేని మీదో వాదించుకునేవారు. పొద్దున ఎవరు ముందు వరండా కడగాలి, ఎవరి తీగ మీద ఎవరి బట్టలు ఆరేయాలి. చెప్పుల స్టాండు మాత్రం ఖాలా గోడ దగ్గర, మొదటిరోజు పడిన గీతకు అవతలే ఉండేది. అమ్మ దాని వైపు చూసినప్పుడల్లా మూతి ముడిచేది. అందులో ఉండేది ఖాలా చెప్పులు ఒక్క జతే.

చెహల్లుం దగ్గరపడింది. మొహర్రం పదో రోజు తర్వాత నలభై రోజులకు వచ్చే శోకదినం. మొహర్రం మొదటి పదిరోజుల్లో ఖాలా శోకసభలకు హుస్సేనీ ఆలం పోయినప్పుడల్లా, తాళం పడి ఉంటే ఇల్లెక్కడ పోతుందోనని సాయంత్రానికల్లా అంత దూరం తిరిగొచ్చేదట. ఈసారి అక్కడే చుట్టాలింట్లో నాలుగు రోజులు ఉంటానంది. భయం లేదా అని అడిగాను. "మీరున్నరు గద" అని తాళం వేసి, చేతిసంచితో దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున స్కూలుకు బయల్దేరుతుంటే మా గుమ్మం దగ్గర నా చెప్పుల్లేవు. బాపువీ లేవు. అమ్మ ముగ్గు వేస్తూ తలెత్తకుండా, "ఖాలా ఇంటి ముందట చూడు" అంది. చూస్తే ఆవిడ స్టాండు నిండా మా చెప్పులే. బాపు క్యాంటీన్ బూట్లు, నా స్కూలు చెప్పులు, పండక్కి మాత్రమే తీసే అమ్మ కొత్త చెప్పులు. తీగ మీద అమ్మ ఉతికి ఆరేసిన ఖాలా దుప్పటి, అమ్మ ఇక్కడ ఆగిపోయిన రోజు ఇచ్చినదే.

"ముగ్గేస్తే ఆమెకు నచ్చదు. ఇంకేం జేయాలె" అంది అమ్మ.

మూడోరోజు సెలవు. నేనింట్లోనే ఉన్నాను. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఒక సారు మెట్లెక్కి వచ్చాడు. మా ఇంట్లోకి తొంగిచూసి తలూపాడు. ఎదురు తలుపు తాళం చూసి ఆగాడు. అమ్మ గాజుల పళ్ళెం పక్కన పెట్టి లేచి గుమ్మంలోకి వచ్చింది.

"ఈ ఇంట్లో ఉంటున్నారా?" అన్నాడు.

"చెప్పులు కనబడతలేవా సారూ? పొద్దున పోయింది."

"ఎప్పుడొస్తుంది?"

వెనకటి సార్లు అడగనిది ఈ సారు అడిగాడు. అమ్మ చెప్పుల స్టాండు వైపు చూసింది. తర్వాత గొంతు పెంచి, "వస్తది. రాకుంటె ఎట్ల? ఆమెతోని నాకు లొల్లి ఉంది. సగంల ఇడిసిపెట్టి పోయింది" అంది.

సారు నవ్వాపుకుంటూ ట్యాబ్‌లో ఏదో నొక్కి, పక్క తలుపు దగ్గరికి వెళ్ళాడు. మా రెండు తలుపులకూ కాగితం పడలేదు. నేను లోపలికి వచ్చి నీళ్ళు తాగాను. అమ్మ రాలేదు. గాజుల పళ్ళెం ముట్టుకోకుండా గడప మీదే కూచుని, ఎదురుగా ఉన్న తాళాన్ని చూస్తోంది. దానికి బొట్టు లేదు.

నాలుగోరోజు సాయంత్రం దాకా ఖాలా రాలేదు. బాగుచేసిన లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా అమ్మ లేచి వరండాలోకి వెళ్ళి చూసింది. ప్రతిసారీ పై అంతస్తువాళ్ళే.

"నాలుగు దినాలే అన్నది గద బిడ్డా" అంది లోపలికి వచ్చి. "ఇంక రాదేంది?"